డైసైక్లోమిన్ మాత్ర: మూడేళ్లు వాడాక నా రివ్యూ, ముఖ్యంగా దీన్ని వేటితో కలపకూడదో

మూడేళ్లుగా ఐబీఎస్‌తో, అంటే పేగుల్లో మాటిమాటికి నొప్పి, మోషన్ తేడాలు వచ్చే జబ్బుతో పడుతున్నా, ఈ మూడేళ్లలో డైట్లు మారాయి డాక్టర్లు మారారు, బ్యాగులో మాత్రం ఎప్పుడూ ఒక స్ట్రిప్ ఉంటూనే ఉంది, అదే డైసైక్లోమిన్. కొన్ని పెట్టెల మీద డైసైక్లోవెరిన్ అని ఉంటుంది, రెండూ ఒకటే మందు కాబట్టి పేరు చూసి కంగారు పడొద్దు, రెండూ వేరనుకుని రెండూ వేసుకోవద్దు కూడా. కడుపులో పేగులు పట్టేసి మెలిపెడుతున్నట్టు వస్తుంది చూడండి, ఆ నొప్పికి ఇచ్చే మాత్ర ఇది. 1950లో అమెరికాలో అనుమతి వచ్చింది, అంటే చాలా పాత మందు, అందుకే దీన్ని అందరూ తేలిగ్గా తీసుకుంటారు, కడుపునొప్పి అనగానే ఇంట్లో ఒకరి స్ట్రిప్ ఇంకొకరు తుంచి వేసేసుకుంటారు. మా ఇంట్లో జరిగింది కూడా అదే, అది కింద చెప్తా. ముందే ఒక మాట, నొప్పి తగ్గించడంలో ఈ మాత్రకి నేను మంచి మార్కులే ఇస్తా. అయితే పక్కన ఇంకేం మందులు వేసుకుంటున్నాం, ఒంట్లో ఏ జబ్బు ఉంది అనేదాన్ని బట్టి ఇదే మాత్ర ఒకరికి హాయి, ఇంకొకరికి హాస్పిటల్. నా రివ్యూలో ఎక్కువ భాగం దాని గురించే.

ముందు పని ఎలా చేస్తుందో చెప్తా, ఎందుకంటే ఇది అర్థమైతే మిగతావన్నీ గుర్తుపెట్టుకోవాల్సిన పనే లేదు, మీకే తడతాయి. పేగు కండరం బిగుసుకోవాలంటే నరాల నుంచి ఎసిటైల్‌కోలిన్ అనే రసాయనం వచ్చి సిగ్నల్ ఇవ్వాలి, ఈ మాత్ర ఆ సిగ్నల్ కండరానికి అందకుండా అడ్డం పడుతుంది, దాంతోపాటు కండరాన్ని నేరుగా కూడా కొంచెం వదులు చేస్తుంది. పేగు వదులైంది, నొప్పి పోయింది. ఇంతవరకు బానే ఉంది, కానీ అదే రసాయనం నోట్లో లాలాజలం ఊరడానికి, చెమట పట్టడానికి, మూత్రసంచి బిగుసుకుని యూరిన్ బయటికి పంపడానికి, కంటిపాప చిన్నదవడానికి, గుండె వేగం అదుపులో ఉండటానికి కూడా కావాలి, మెదడులో జ్ఞాపకానికి కూడా కావాలి. మాత్రకి మీ నొప్పి ఎక్కడుందో తెలీదు కదా, రక్తంలో కలిసి ఒళ్లంతా తిరుగుతుంది, అన్ని చోట్లా ఆ సిగ్నల్‌కి కొంచెం కొంచెం అడ్డం పడుతుంది. డాక్టర్లు యాంటీకోలినర్జిక్ అనేది ఈ రకం మందుల్నే. మా ఇంట్లో మేము "ఎండగట్టే మందులు" అని పేరు పెట్టుకున్నాం, ఆ పేరుతో అమ్మకి కూడా ఒక్క దెబ్బకి అర్థమైంది.

ఇక నా అనుభవం. నాకు 20 మిల్లీగ్రాములవి రాశారు, రోజుకి నాలుగు సార్లు, భోజనానికి అరగంట ముందు. అరగంట ముందు ఎందుకో మొదట్లో నాకు అర్థం కాలేదు, నొప్పి వచ్చాక వేసుకునేదాన్ని, వేసుకున్నాక కూడా గంటసేపు ముడుచుకుని పడుకునేదాన్ని. తర్వాత తెలిసింది ఏంటంటే రక్తంలో ఈ మందు బాగా పెరగడానికి 60 నుంచి 90 నిమిషాలు పడుతుంది, నాకైతే తిన్న గంటలోపే పేగులు గొడవ మొదలుపెడతాయి, అంటే ముందే వేసుకుంటేనే మందూ నొప్పీ ఒకేసారి ఎదురుపడతాయి. టైమింగ్ మార్చిన నాలుగైదు రోజుల్లో తేడా తెలిసింది. నొప్పి పూర్తిగా మాయం కాలేదు, కానీ ఆ పిండేసే పట్టు పోయింది, మీటింగులో కూర్చోగలిగాను, బస్సెక్కడానికి భయం తగ్గింది. ఐబీఎస్ ఉన్నవాళ్లకి నేను ఏం చెప్తున్నానో అర్థమవుతుంది.

మందు కాగితంలో ఉన్న ట్రయల్ లెక్క కూడా చెప్తా, రోజుకి 160 మిల్లీగ్రాములు ఇచ్చినప్పుడు 82 శాతం మందికి గుణం కనిపించింది, ఉత్తుత్తి మాత్ర ఇచ్చినవాళ్లలో 55 శాతం మందికి కనిపించింది. ఆ రెండో అంకెని కూడా చూడండి, ఐబీఎస్‌లో ఏ మందూ లేకుండానే సగం మందికి పైగా కొంత నయం అనిపిస్తుంది, కాబట్టి తేడా ఉంది కానీ అద్భుతం కాదు. ఇంకో సంగతి, అదే 160 మిల్లీగ్రాముల డోసులో 40 శాతం మందికి తల తిరిగింది, 33 శాతం మందికి నోరు ఎండింది, 27 శాతం మందికి చూపు మసకబారింది. నేను 80 దాటలేదు కాబట్టి నాకు నోరు ఎండడం రోజూ, చూపు మసక అప్పుడప్పుడు, ముఖ్యంగా ఫోన్‌లో చిన్న అక్షరాలు చదివేటప్పుడు. మొదటి వారం బండి తోలలేదు, మీరూ తోలొద్దు, మీ ఒంటికి ఎలా ఉందో తెలిసేదాకా. ఇంకా ఒక రూల్ ఉంది, చాలామందికి చెప్పరు, రెండు వారాల్లో గుణం రాకపోతే ఈ మందు ఆపేయాలి, అలాగే 80కి మించిన డోసులో రెండు వారాలు దాటి వాడితే సేఫా కాదా అనడానికి సరైన డేటా లేదు అని ఆ కాగితంలోనే ఉంది. నొప్పి తగ్గట్లేదని సొంతంగా మాత్రలు పెంచుకుంటూ పోయేవాళ్లు ఈ లైన్ రెండుసార్లు చదవండి.

ఇప్పుడు కలయికల సంగతి. మొదటి దెబ్బ నాకు తగిలింది గ్యాస్ సిరప్‌తో. అదే చీటీలో యాంటాసిడ్ కూడా ఉంది, అల్యూమినియం మెగ్నీషియం ఉండే తెల్లటి మందు, నేను ఏం చేశానంటే మాత్ర నోట్లో వేసుకుని నీళ్ల బదులు ఆ సిరప్ రెండు మూతలు తాగేసేదాన్ని, రెండూ కడుపుకే కదా అని. పది రోజులు అలా చేశాను, మాత్ర దండగ అనుకున్నాను, ఇంకో డాక్టర్ దగ్గరికి వెళ్దామని కూడా అనుకున్నాను. యాంటాసిడ్ ఈ రకం మందుల్ని ఒంటికి సరిగ్గా పట్టనివ్వదు. రెండూ ఒకేసారి వద్దు అని కాగితంలో స్పష్టంగా ఉంది, నాకు మాత్రం చీటీ రాసినాయన చెప్పలేదు, మందులిచ్చిన షాపులో చెప్పలేదు. ఇప్పుడు మాత్ర భోజనానికి ముందు, సిరప్ అవసరమైతే భోజనం అయ్యాక, అంతే, మారింది ఇదొక్కటే. దీని మీద ఒక స్టార్ రివ్యూలు పెట్టేవాళ్లలో ఎంతమంది ఇలా యాంటాసిడ్‌తో కలిపి మింగుతున్నారో అని నాకు నిజంగా అనిపిస్తుంది.

రెండో దెబ్బ జలుబు మాత్రతో. అప్పటికి డైసైక్లోమిన్ అలవాటైపోయింది, జలుబు చేసి ముక్కు కారుతుంటే చీటీ లేకుండా దొరికే ఒక జలుబు మాత్ర తెచ్చుకుని వేసుకున్నాను, అందులో క్లోర్‌ఫెనిరమైన్ ఉంది. పాతకాలం అలర్జీ మందు అది, ముక్కు కారడం ఆపేది కూడా ఎండగట్టే గుణంతోనే. అంటే ఒకే రోజు ఒకే పని చేసే మందులు రెండు వైపుల నుంచి పడ్డాయి. సాయంత్రానికి నాలుక అంగిట్లో అతుక్కుపోయింది, గుండె దడదడలాడుతోంది, ఎదురుగా ఉన్న గడియారం మసక, మత్తు ఒకవైపు గాబరా ఒకవైపు, మూడు రోజులు మోషన్ లేదు. భయపడి ఫోన్ చేస్తే మా ఫ్యామిలీ డాక్టర్ గారు అడిగిన మొదటి ప్రశ్న "ఇంకేం వేసుకున్నావమ్మా?" అని. ఆ ప్రశ్న ఎవరూ అంతకుముందు అడగలేదు నన్ను. జలుబు మాత్రలు, దగ్గు సిరప్‌లు, దురద మాత్రలు, ప్రయాణంలో వాంతులు రాకుండా వేసుకునేవి, నిద్ర పట్టడానికి చీటీ లేకుండా అమ్మేవి, వీటిల్లో చాలావాటిలో క్లోర్‌ఫెనిరమైనో డైఫెన్‌హైడ్రమైనో ఇలాంటిదేదో ఉంటుంది. పెట్టె ముందు వైపు పెద్ద అక్షరాలు కాదు, వెనక చిన్న అక్షరాలు చదవాలి. లోరాటడిన్ లాంటి కొత్త రకం అలర్జీ మందులకి ఈ ఎండగట్టే గుణం చాలా తక్కువ, నాకు ఇప్పుడు అలర్జీ వస్తే డాక్టర్ గారు అదే ఇస్తున్నారు.

మూడోది నాన్న సంగతి, ఇది రాయడానికే అసలు ఈ రివ్యూ మొదలుపెట్టాను. నాన్నకి డెబ్బై దాటాయి, ప్రొస్టేట్ వాపు ఉంది, దానికి మందు వాడుతున్నారు, రాత్రిళ్లు నాలుగైదు సార్లు లేస్తారు. ఒకరోజు కడుపు మెలిపెడుతోందంటే నేను ఊళ్లో లేను, అమ్మ నా డ్రాయర్‌లోంచి నా మాత్ర ఇచ్చింది, పొద్దున ఒకటి మధ్యాహ్నం ఒకటి, తగ్గింది కదా అని రాత్రి ఇంకోటి. కడుపునొప్పి తగ్గింది, కానీ రాత్రి నుంచి యూరిన్ ఆగిపోయింది. పొత్తికడుపు రాయిలా అయింది, చుక్క రాదు, ఆయన ఎంత నొప్పినైనా ఓర్చుకునే మనిషి, అలాంటిది తెల్లారుజామున అమ్మని లేపి "ఇక నావల్ల కాదే" అన్నారంట. హాస్పిటల్‌కి తీసుకెళ్తే గొట్టం వేసి తీశారు, అప్పుడు ఊపిరి పీల్చుకున్నారు. ప్రొస్టేట్ వాచి ఉంటే దారి ఇరుకు, మూత్రసంచి బలంగా పిండితేనే బయటికి వస్తుంది, ఈ మాత్ర ఆ పిండే బలాన్ని తగ్గించేస్తుంది, దారి ఇరుకు, తోసే బలం లేదు, ఇక ఎక్కడికి పోతుంది. మూత్రం దారిలో అడ్డంకి ఉన్నవాళ్లకి ఈ మందు ఇవ్వనే కూడదు, ఇది జాగ్రత్తలో ఉండేది కాదు, వద్దు అనే లిస్టులో ఉండేది. అమ్మని ఎవరూ ఏమీ అనలేదు, నా మందు నేను డ్రాయర్‌లో పేరు రాయకుండా పడేసి వెళ్లాను, అది నా పొరపాటు. ఇప్పుడు ఆ స్ట్రిప్ ఉన్న డబ్బా మీద మార్కర్‌తో "నాన్నకి ఇవ్వొద్దు" అని రాసి ఉంది.

పెద్దవాళ్ల గురించి ఇంకొంచెం చెప్పాలి. వయసు పైబడినవాళ్లకి తగని మందుల జాబితా ఒకటి ఉంది, బీర్స్ లిస్టు అంటారు, 1991లో మొదలైంది, తర్వాత ఎన్నోసార్లు సరిచేశారు, డైసైక్లోమిన్ అందులో ఉంది. కారణం మెదడు. ఈ మందు మెదడులోకి వెళ్లగలదు, పెద్ద వయసులో అయోమయం, మతిమరుపు, లేనివి కనపడటం, పడిపోవడం లాంటివి రావొచ్చు, ఇంట్లోవాళ్లు వయసు ప్రభావం అనుకుని ఊరుకుంటారు. మతిమరుపు జబ్బుకి డోనెపెజిల్ వాడుతున్నవాళ్లకైతే ఇంకా ఘోరం, అది మెదడులో ఎసిటైల్‌కోలిన్ పెంచడానికి ఇచ్చేది, ఇది దానికి అడ్డం పడేది, ఒక చేత్తో పోసి ఇంకో చేత్తో తీసేసినట్టు.

ఇక నేను మాత్రల కాగితాలు ముందేసుకుని, మా డాక్టర్ గారిని విసిగించి తెలుసుకున్న మిగతా కలయికలు చెప్తా, మీ మందుల డబ్బా పక్కన పెట్టుకుని చూసుకోండి. అమిట్రిప్టిలిన్, ఇది నాకు చాలా ముఖ్యం అనిపించింది ఎందుకంటే ఐబీఎస్ వాళ్లకే చిన్న డోసులో రాత్రి పడుకునేముందు ఇస్తుంటారు, నరాల నొప్పికి, మైగ్రేన్‌కి కూడా ఇస్తారు, దానికి కూడా ఎండగట్టే గుణం గట్టిగానే ఉంది, పొట్ట డాక్టర్ ఒకటి, తలనొప్పి డాక్టర్ ఒకటి రాస్తే రెండూ మీ ఒంట్లోనే కలుస్తాయి. క్లిడినియం, క్లోర్‌డయాజెపాక్సైడ్ కలిసిన మాత్ర ఇంకోటి, కడుపుకే ఇస్తారు, అందులో క్లిడినియం ఇదే జాతి, అంటే ఒకే పనికి రెండు మందులు, పైగా మత్తు. మాటిమాటికి యూరిన్ వస్తుందని వాడే ఆక్సిబ్యుటినిన్, టోల్టెరోడిన్, సోలిఫెనాసిన్ అచ్చంగా ఇదే జాతి. ఆయాసానికి పీల్చే టయోట్రోపియం, ఇప్రాట్రోపియం ఇన్‌హేలర్లు కూడా, పీల్చేదే కదా అని డాక్టర్‌కి చెప్పకుండా ఉండొద్దు. పార్కిన్సన్స్‌కి, అంటే చేతులు వణికే నరాల జబ్బుకి వాడే ట్రైహెక్సిఫెనిడిల్, అమాంటడిన్, మానసిక వైద్యంలో వాడే క్లోర్‌ప్రోమజైన్ లాంటివి, పాతకాలం డిప్రెషన్ మందుల్లో ఎంఏఓ ఇన్హిబిటర్లు అనేవి, గుండె లయకి వాడే క్వినిడిన్, ఇవన్నీ దీని ప్రభావాన్ని పెంచుతాయి. ట్రమడాల్, మార్ఫిన్ లాంటి గట్టి నొప్పి మందులు వేరే జాతి, కానీ అవి కూడా పేగుని నిద్రపుచ్చుతాయి, రెండూ కలిస్తే మలబద్ధకం ముదిరి పేగు కదలిక పూర్తిగా ఆగిపోయే దాకా పోవచ్చు. నిద్రమాత్రలతో మత్తు రెట్టింపు.

ఇంకో రకం ఉంది, ఒకదాన్నొకటి కొట్టేసుకునేవి. మెటోక్లోప్రమైడ్, డామ్‌పెరిడోన్ కడుపుని కదిలించి కిందికి తోసే మందులు, డైసైక్లోమిన్ కదలికని ఆపే మందు. గ్యాస్‌కి వాడే క్యాప్సూళ్లలో డామ్‌పెరిడోన్ కలిపి ఉన్నవి ఉంటాయి, ఒకే చీటీలో ఆ క్యాప్సూలూ ఈ మాత్రా రెండూ ఉండటం నేను నా కళ్లతో చూశాను, నా పాత ఫైల్‌లోనే ఉంది. ఒకటి యాక్సిలరేటర్, ఇంకోటి బ్రేకు. అలా ఉంటే గొడవపడక్కర్లేదు, "రెండూ ఒకేసారి అవసరమా అండి" అని అడిగితే చాలు, నేను అడిగాను, డాక్టర్ గారు చీటీ చూసి ఒకటి కొట్టేశారు.

పేగు నెమ్మదించడం వల్ల వచ్చే చిక్కులు కూడా కొన్ని ఉన్నాయి, ఇవి నేను అసలు ఊహించలేదు. పొటాషియం మాత్రలు, అంటే గుళికలా మింగేవి, పేగులో ఒకే చోట ఎక్కువసేపు ఆగిపోతే అక్కడ పుండు చేస్తాయి, అందుకే ఇలాంటి మందులతో కలిపి మాత్ర రూపంలో వద్దంటారు. గుండెజబ్బుకి వాడే డిగాక్సిన్‌లో నెమ్మదిగా కరిగే రకం కడుపులో ఎక్కువసేపు ఉండి ఎక్కువగా రక్తంలోకి పోతుంది, డిగాక్సిన్‌కి మంచి డోసుకీ విషానికీ మధ్య గీత చాలా సన్నం. పార్కిన్సన్స్‌కి వాడే లెవోడోపా పేగుకి ఆలస్యంగా చేరుతుంది. ఇంకోటి, గుండెనొప్పి వస్తే నాలుక కింద పెట్టుకునే నైట్రేట్ మాత్ర ఉంటుంది చూడండి, అది కరగాలంటే నోట్లో తడి ఉండాలి, నోరు ఎండిపోయి ఉంటే కరగదు, ప్రాణం మీదకొచ్చిన నిమిషంలో. ఇది చదివినప్పుడు నాకు ఒళ్లు జలదరించింది. గుండెజబ్బు ఉన్నవాళ్లు నోరు ఎండుతున్నట్టు అనిపిస్తే డాక్టర్‌కి చెప్పాల్సిందే.

జబ్బుల సంగతికి వస్తే, అసలు వద్దు అన్న లిస్టు ఇది. గ్లకోమా, మనవాళ్లు నీటికాసులు అంటారు, కంటిపాప పెద్దదై లోపలి నీరు బయటికి పోయే కోణం మూసుకుపోతే కంట్లో ఒత్తిడి ఒక్కసారిగా పెరుగుతుంది, కన్ను ఎర్రబడి, విపరీతమైన నొప్పి, లైట్ల చుట్టూ రంగు వలయాలు, వాంతులు వస్తే అది కళ్ల ఎమర్జెన్సీ, గంటల్లో చూపు పోవచ్చు. మూత్రం అడ్డంకి సంగతి చెప్పాను. పేగులో అడ్డంకి ఉన్నా వద్దు. తీవ్రమైన అల్సరేటివ్ కొలైటిస్, అంటే పెద్దపేగు పూసి పుండ్లు పడే జబ్బు ఉన్నా వద్దు, పేగు ఉబ్బి చిట్లే పరిస్థితి రావొచ్చు. మయస్థీనియా గ్రావిస్, అంటే కండరాలు బలహీనపడే జబ్బు ఉన్నా వద్దు. పాలిచ్చే తల్లులు వద్దు, పాలల్లోకి వెళ్తుంది. ఆరు నెలల లోపు పిల్లలకి అసలంటే అసలు వద్దు, ఊపిరి ఆగిపోవడం, ఫిట్స్ రావడం, ప్రాణాలే పోవడం జరిగాయి కాబట్టే ఆ హెచ్చరిక పెట్టారు. పసిపిల్ల కడుపునొప్పితో గుక్కపెట్టి ఏడుస్తుంటే ఇంట్లో ఉన్న పాత చుక్కల మందు రెండు చుక్కలు వేద్దాం అని ఎవరైనా అంటే దయచేసి చెయ్యి అడ్డం పెట్టండి.

గుండెల్లో మంట ఉన్నవాళ్లు ఈ పేరా చదవండి, ఎందుకంటే ఎక్కువమంది తప్పు చేసేది ఇక్కడే. అన్నవాహిక కింద ఒక బిగుతు కండరం మూతలా ఉండి యాసిడ్ పైకి రాకుండా ఆపుతుంది, ఈ మాత్ర ఆ మూతని కూడా వదులు చేస్తుంది, కడుపు ఖాళీ అవ్వడం కూడా ఆలస్యం చేస్తుంది. పొట్టలో నొప్పి అంటే పొట్ట మాత్ర అనుకుని వేసుకుంటే మంట ఇంకా ఎగదన్నుతుంది. రిఫ్లక్స్‌తో అన్నవాహిక పూసినవాళ్లకి ఇది వద్దు అన్న లిస్టులోనే ఉంది. మా అక్కకి ఇదే అయింది, మాత్ర వేసుకున్న ప్రతి రాత్రీ మంటతో లేచి కూర్చునేది, మానేశాక తగ్గింది.

థైరాయిడ్ ఎక్కువగా పనిచేసేవాళ్లు, బీపీ, గుండె ఫెయిల్యూర్, గుండె దడ ఉన్నవాళ్లు, లివర్ కిడ్నీ సమస్యలు ఉన్నవాళ్లు డాక్టర్ చెప్తేనే, తక్కువ డోసుతో. ఇలియోస్టమీ లేదా కొలోస్టమీ అయినవాళ్లకి, అంటే ఆపరేషన్‌తో పేగుని పొట్ట మీదకి తెరిచినవాళ్లకి విరేచనాలు పట్టుకుంటే అది పేగు సగం మూసుకుపోయిందనడానికి మొదటి గుర్తు కావొచ్చు, అప్పుడు ఈ మాత్ర వేస్తే ప్రమాదం. అలాగే నొప్పితోపాటు జ్వరం, రక్తం, ఆగని వాంతులు, బరువు తగ్గడం ఉంటే అది ఈ మాత్రతో అణచిపెట్టే నొప్పి కాదు, నొప్పి తెలియకుండా చేస్తే లోపల జబ్బు ముదిరేదాకా తెలీదు.

తిండి విషయంలో పెద్ద గొడవేం లేదు, టైమింగ్ ఒక్కటే. మలబద్ధకం వస్తుంది కాబట్టి నీళ్లూ పీచూ పెంచుకోవాలి, పీచు పెంచి నీళ్లు పెంచకపోతే ఇంకా గట్టిపడుతుంది, నేను చేసి చూశాను. మద్యం తాగే అలవాటున్నవాళ్లకి తాగిన రోజు మత్తు, తల తిరగడం బాగా ఎక్కువవుతాయి, ఆ రోజు ఈ మాత్ర వద్దు. ఎండ గురించి మాత్రం గట్టిగా చెప్తా, ఈ మందు చెమట పట్టనివ్వదు, ఒంటి వేడి బయటికి పోయే దారే చెమట, ఎండలో పనిచేసేవాళ్లు, పరిగెత్తేవాళ్లు, జ్వరంతో ఉన్నవాళ్లు వేసుకుంటే ఒళ్లు కాలిపోయి వడదెబ్బ లాంటిది రావొచ్చు. ఒళ్లు వేడిగా ఉండి చెమట లేకుండా చర్మం పొడిగా ఉంటే వెంటనే నీడకి చేరి చల్లబరుచుకోవాలి, మాత్ర ఆపాలి.

కాంబినేషన్ మాత్రల గురించి ఒక మాట. డైసైక్లోమిన్‌తో మెఫెనమిక్ యాసిడ్, లేదా పారాసిటమాల్ కలిపిన మాత్రలు ఉంటాయి, నెలసరి నొప్పికి చాలామంది వేసుకునేవి ఇవే. ఇవి వేసుకుంటే డైసైక్లోమిన్ జాగ్రత్తలన్నీ ఉంటాయి, వాటి మీద ఇంకో మందు జాగ్రత్తలు. మెఫెనమిక్ యాసిడ్ పెయిన్‌కిల్లర్, కడుపులో పుండున్నవాళ్లకి, కిడ్నీ సమస్య ఉన్నవాళ్లకి, వార్ఫరిన్ లాంటి రక్తం పలచబరిచే మందులు వాడేవాళ్లకి పనికిరాదు, అది తిన్నాక వేసుకోవాలి, డైసైక్లోమిన్ తినకముందు వేసుకోవాలి, అక్కడే తేడా కొడుతోంది చూడండి. పారాసిటమాల్ ఉన్నదైతే జ్వరానికి మళ్లీ విడిగా పారాసిటమాల్ వేసుకుని లెక్క తప్పుతారు, పెద్దవాళ్లకి రోజు మొత్తం మీద 4 గ్రాములు దాటితే లివర్‌కి ప్రమాదం. ఐబీఎస్‌కి మాత్రం విడి డైసైక్లోమినే మేలు, నా అభిప్రాయం గట్టిగా ఇదే.

దీని బదులు వేరేవి లేవా అంటే ఉన్నాయి, కొన్ని నేనూ వాడాను. హయోసిన్ బ్యుటైల్‌బ్రోమైడ్ ఇదే జాతే కానీ పేగు నుంచి రక్తంలోకి చాలా తక్కువ పోతుంది, మెదడులోకి దాదాపు వెళ్లదు, మత్తు నాకు అనిపించలేదు, కానీ గ్లకోమా, ప్రొస్టేట్ జాగ్రత్తలు దానికీ ఉన్నాయి. మెబెవెరిన్ నేరుగా కండరం మీద పనిచేస్తుంది, నోరు ఎండటం లాంటివి బాగా తక్కువ, భోజనానికి 20 నిమిషాల ముందు వేసుకోమంటారు, నా మీద నెమ్మదిగా పనిచేసింది. డ్రోటావెరిన్ వేరే దారిలో పనిచేస్తుంది, కానీ పార్కిన్సన్స్‌కి లెవోడోపా వాడేవాళ్లకి దాని పనిని తగ్గిస్తుంది. పెప్పర్‌మింట్ ఆయిల్ క్యాప్సూళ్లు పేగులోకి వెళ్లాక విచ్చుకునేలా పైపూతతో వస్తాయి, యాంటాసిడ్‌తో వేసుకుంటే ఆ పూత కడుపులోనే కరిగిపోయి గుండెల్లో మంట, అంటే సహజం అన్నదానికి కూడా కలయికల గొడవ ఉంది.

మార్కులు చెప్తా. నొప్పి మీద పనికి 5కి 4. సైడ్ ఎఫెక్టులకి 2. కాగితంలో ఉన్న సమాచారానికి 4, ఆ అక్షరాల సైజుకి 1, ఎందుకంటే చూపు మసకబారే మందు కాగితాన్ని భూతద్దం పెట్టి చదవాల్సిన సైజులో అచ్చు వేయడం అన్యాయం, అది ఎక్కువ అవసరమయ్యేది పెద్దవాళ్లకే. మందులిచ్చే చోట మాట్లాడటానికి సున్నా, మూడేళ్లలో ఒక్కసారి కూడా "ఇంకేమైనా మందులు వాడుతున్నారా" అని కౌంటర్ అవతలి నుంచి అడగలేదు.

నేను ఇప్పుడు రోజూ వాడట్లేదు, నొప్పులు ఎక్కువైన వారాల్లో మాత్రమే, తినడానికి అరగంట ముందు ఒకటి, సిరప్ దూరంగా, జలుబు మాత్రలు అసలు దగ్గరికి రానివ్వకుండా. ఫోన్‌లో నేను వాడే మందులన్నిటి ఫోటోలు ఒక ఫోల్డర్‌లో పెట్టుకున్నా, ఏ డాక్టర్ దగ్గరికి వెళ్లినా ముందు అదే చూపిస్తా. నాన్నకి కూడా అలాంటి ఫోల్డర్ చేసి ఇచ్చాను, పోయిన నెల పంటి డాక్టర్ దగ్గర ఆయనే ఫోన్ తీసి చూపించి, "నాకు ప్రొస్టేట్ ఉందండి, ఎండగట్టే మందులు పడవు" అన్నారంట.